అరుగుకు ఆ చివర

గాల్వే, ఐర్లండు
10 జూన్ 2025

ఉమాదేవి వదినకు,

మాట్లాడకుండా రత్నమ్మ రాస్తున్నది. చదవకుండానే చింపేద్దామనుకుంటావేమో, ఇది ఫోన్లో వచ్చిన ఫొటో, చింపడం నీవల్ల కాదు. మొన్న ఉగాదినాడు మన యాడికిలో వీధంతా చూస్తుండగా నువ్వూ నేనూ ఏమని ఒట్టు పెట్టుకున్నాం? వచ్చే ఉగాది దాకా ఒకరితో ఒకరం మాట్లాడం, ముందు నోరు తెరిచినవాళ్లు కదిరి నరసింహస్వామికి గుండు ఇవ్వాలి అని. రాయకూడదని ఇద్దరమూ అనలేదు. విమానంలో చేసే పనేమీ లేక ఈ సంగతి బాగా ఆలోచించాను. కాబట్టి కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నీకు ఇష్టమైతే నువ్వూ అలాగే పంపు. వాయిస్ మెసేజి మాత్రం వద్దు, అది నోటితో చేసే పని.

మెహరున్నీసా కూతురు తబస్సుమ్ ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నది కదా. బక్రీద్ పండుగ నేనూ మెహరున్నీసా ఆ పిల్ల ఇంట్లోనే చేసుకున్నాం. ఆమెకు సెలవు దొరకలేదు. అందుకని తన చిన్న కారు మాకిచ్చి, "ఆంటీ, మీరిద్దరే దక్షిణంగా పోండి. సముద్రం కుడిచేతి పక్క ఉన్నంతసేపు దారి తప్పనట్టే" అని చెప్పింది. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. బండి నడిపేది మెహరున్నీసా. తాడిపత్రిలో స్కూలు వ్యాను నిండా పిల్లల్ని వేసుకుని సిమెంటు లారీల మధ్యలోంచి నడిపిన మనిషికి ఈ రోడ్లు ఒక లెక్కా. ఇక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే పోవాలి. ఇక్కడ నడపడానికి పర్మిట్టు కూడా తీసుకుంది.

ఇక మన తగువుకు మూలమైన అసలు సంగతి. నీకు తెలియనిదేమీ కాదు, అయినా కాగితం మీద ఉండాలని రాస్తున్నాను. మన రెండిళ్ల ముందర ఆ చివర నుంచి ఈ చివరకు ఒకటే నల్లబండతో వేసిన అరుగు ఉంది. మా అన్న తన లారీలో తెచ్చిన బండ అది. రెండు ముక్కలు కోస్తే మోయడం తేలిక అని అందరూ చెప్పినా వినలేదు. "కోస్తే రెండు అరుగులైతాయి. అప్పుడు వదినా మరదళ్లు మాట్లాడుకోవాలంటే ఒగరు లేసి పోవాల" అన్నాడు. ఆ అన్న పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నీ కొడుకు హర్ష కారు కొన్నాడని, ఆ కారు లోపలికి రావాలని, నీ సగం కోయించి ఏటవాలుగా దారి వేయిస్తానంటావు. నేను వచ్చేదాకా ఆ బండ జోలికి పోవద్దు. నేను తాడిపత్రి రోడ్డులో బండల ఫ్యాక్టరీ నడుపుతున్నాను. ఏ బండను కోయాలో, దేన్ని కోయకూడదో నాకు తెలుసు.

నా మేక చంద్రిని నల్లప్ప చూసుకుంటాడు. పగలు ఫ్యాక్టరీలో పనుంటుంది కనుక పొద్దున్నే తెచ్చి అరుగు దగ్గర కట్టిపోతాడు. దాన్ని నువ్వు చూసుకోనక్కరలేదు. చూసుకున్నా, దానితో నీకు ఒట్టేమీ లేదు.

మాటలు లేని నీ మరదలు,
సుబ్బరత్నమ్మ


యాడికి
11 జూన్ 2025

రత్నమ్మకు,

నీ ఫొటో తలకిందులుగా వచ్చింది. మెడ వంచి చదివాను, ఇప్పుడు మెడ పట్టేసింది. అది కూడా నీవల్లే.

రాయడం కూడా మాట్లాడటం కిందికి వస్తుందా అని గుడి అయ్యవారిని అడిగాను. ఆయన రెండు చేతులూ జోడించి, "మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగొద్దు తల్లీ" అన్నారు. వస్తుందని అనలేదు కాబట్టి రాస్తున్నాను.

నీ చంద్రి మొదటిరోజే నా మునగచెట్టు చివుళ్లన్నీ తినేసింది. రెండోరోజు ఆరేసిన దుప్పటి అంచు నమిలింది. నల్లప్పను పిలిచి అడిగితే, "దానికి బెంగ పట్టుకొనుండాదమ్మా" అంటాడు. బెంగ పడితే తిండి మానాలి గానీ దుప్పట్లు తింటారా?

అరుగు విషయం. నా ఇంటి ముందరి సగం నాది. నువ్వు లేనప్పుడు ముట్టుకోవద్దంటున్నావు. ఉన్నప్పుడు మాత్రం ఎక్కడున్నావు? ఫ్యాక్టరీ మూసి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోతుంది. ఆ తర్వాత మెహరున్నీసా ఇంట్లో పాసుపోర్టు కబుర్లు, వీసా కబుర్లు, ఏ స్వెటర్ కొనాలనే కబుర్లు. ఆ అరుగు మీద కూర్చునేది ఇప్పుడు నీ మేక ఒక్కటే.

బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? ఇది నేను అడగడం లేదు, రాస్తున్నాను.

ఉమాదేవి


బాలీవాన్
12 జూన్ 2025

వదినా,

మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు అడగలేదు కనుక నేను జవాబు చెప్పలేదు, రాశాను.

మేము పెద్ద చిక్కులో పడ్డాం. గాల్వే ఊరు దాటి సముద్రం పక్క రోడ్డెక్కామో లేదో, ఎదురొచ్చే ప్రతి బండివాడూ స్టీరింగు మీద నుంచి ఒక వేలు పైకెత్తడం మొదలుపెట్టాడు. మెహరున్నీసా మొగుడు మాబాషా జీవితమంతా లారీ నడిపినవాడు. మన రోడ్ల మీద ఎదురు లారీవాడు వేలెత్తితే దాని అర్థమేమిటో ఆయన పెళ్లానికి తెలియకుండా ఉంటుందా? మొదటి వేలు చూడగానే, "అక్కా, ముందర చెకింగుండాది, బెల్టు సరిగ్గా ఏసుకో" అని బండి పక్కకు తీసి ఆపింది. లైసెన్సు, పర్మిట్టు, పాసుపోర్టులు, తబస్సుమ్ ఇచ్చిన ఇన్సూరెన్సు కాగితం అన్నీ నా ఒళ్లో పేర్చి పెట్టింది. చాలాసేపు చూశాం. ఎవరూ రాలేదు.

మళ్లీ కదిలాం. ఒక ట్రాక్టరు వచ్చింది, అందులో ముసలాయన కూడా వేలెత్తాడు. "చూడు, పాపం ఆ పెద్దాయన కూడా చెప్తాండాడు" అని మళ్లీ ఆపింది. తర్వాత పాల బండి, ఆ తర్వాత చర్చికి పోతున్నట్టు తయారైన ఒక ఆడమనిషి. అందరూ ఎత్తినవాళ్లే. ఇంతమంది ఇంత అక్కరగా హెచ్చరిస్తున్నారంటే ముందర ఎంత పెద్ద ఆఫీసరు కాపు కాశాడోనని మెహరున్నీసాకు చెమట పట్టింది. ఎద్దుల బండి లాగా నడిపింది. మా వెనకాల పెద్ద వరుస తయారైంది. దారి ఇచ్చి పంపిస్తే, దాటిపోతూ వాళ్లూ ఒక్కొక్క వేలు ఎత్తి పోయారు. ఎదురొచ్చేవాడికైతే ముందర చెకింగు ఉందని తెలుస్తుంది, వెనకాల నుంచి వచ్చేవాడికి ఎలా తెలిసిందో మాకు అంతు పట్టలేదు.

ఇక్కడ బరెన్ అని ఒక చోటుంది. నువ్వు చూడాలి వదినా. చూసినంత మేర బండలే. ఎవరో పరిచినట్టు కొండంతా సున్నపురాతి బండలు, వాటి సందుల్లో నీలం పూలు. నేను కారు దిగి రూపాయి బిళ్లతో ఒక్కొక్కటీ కొట్టి చూశాను. కొన్ని కంచు పళ్లెంలా మోగాయి. ఇంత సరుకు ఇలా ఎండకూ వానకూ వదిలేశారు, ఒక్క కోత మిషను లేదు. రాయి ముట్టుకోవద్దని బోర్డు మాత్రం పెట్టారు. "అక్కా, సముద్రం ఆ పక్కుండాది, నువ్వు ఈ పక్క చూస్తాండావు" అని మెహరున్నీసా నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది.

వాన గురించి రాయను. రాస్తే నీ కడుపూ మండుతుంది, నా కడుపూ మండుతుంది.

దీనితోపాటు నా ఫొటో ఒకటి పంపుతున్నాను. వెనకాల ఇల్లు చూడు. ఆ గోడల్లో సిమెంటు లేదు, సున్నం లేదు, ఊరికే పేర్చినవి. ఈ పూటకు ఇక్కడే ఆగాం. అరుగు జోలికి పోలేదు కదా?

రత్నమ్మ


యాడికి
13 జూన్ 2025

రత్నమ్మా,

ఆ ఇంటికి పైకప్పు ఏదీ?

ఫొటో పెద్దది చేసి చూశాను. కిటికీలోంచి ఆకాశం కనిపిస్తున్నది. తలుపు లేదు. లోపల గడ్డి మొలిచింది. మనింటి పశువుల కొట్టానికైనా రేకులున్నాయి. వాన గురించి రాయను అన్నావు, ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైంది. కప్పు లేని కొంపలో పడుకుంటూ వాన గురించి ఏం రాస్తావు.

వీధిలో వాళ్లకు చూపించాను. ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుంది. "ఫ్యాక్టరీ ఓనరు, ఇట్ల మొండిగోడల్లో పండుకునే గతి పట్టిందా" అని ఆమె అంటే నాకు తల తీసేసినట్టయింది. నల్లప్ప వచ్చి, "అమ్మా, మనకేమన్నా లాసొచ్చిందా, రేపు పనికి పోవాల్నా వద్దా" అని అడిగాడు. పొమ్మన్నాను.

వేళ్ల సంగతి మాబాషాను పిలిపించి అడిగాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "అంతమంది ఎత్తినారంటే అది మామూలు చెకింగు కాదమ్మా, ఎవురో మంత్రి వస్తాండాడు. కారం పొడి డబ్బాలు సీటు కింద దాచమని చెప్పు" అన్నాడు. ఏ నేరానికి దాచాలో ఆయనకే తెలియాలి. ఒకవేళ పట్టుకుంటే మన ఇంటిపేరు మాత్రం చెప్పవద్దు.

నీ స్నేహితురాలు నిన్ను బాగానే చూసుకుంటున్నది. నేను ఏమీ అనడం లేదు. గొడుగు ఉందా?

ఉమాదేవి


డూలిన్
15 జూన్ 2025

వదినా,

ఆ ఇల్లు ఎప్పుడో కరువు కాలంలో మనుషులు వదిలేసి పోయిన ఇల్లు. నేను దాని ముందర నిలబడి ఫొటో దిగాను, అంతే. ఆగింది ఆ ఊళ్లో, ఆ ఇంట్లో కాదు. మేము పడుకున్న ఇంటికి కప్పు ఉంది, పరుపు ఉంది, పరుపు కింద వేడి చేసే కరెంటు దుప్పటి ఉంది. సుబ్బలక్ష్మమ్మకు ఇవన్నీ చెప్పు. చెప్పకపోతే నేను వచ్చేసరికి వీధి మొత్తం చందా వేసుకుని ఉంటుంది.

మంత్రి కూడా లేడు. ఈ ఊళ్లో ఒక పెద్దామె తన ఇంట్లోనే గదులు బాడుగకు ఇస్తున్నది. చెనక్కాయల పొడి రుచి చూపిస్తే కళ్లల్లో నీళ్లు కారుతున్నా చెంచా వదల్లేదు. నిన్న మెహరున్నీసా తన పదో తరగతి ఇంగ్లీషులో, చెకింగు ఎక్కడుంటుందో చెబితే మేము వేరే దారిలో పోతామని ఆమెను బతిమాలింది. పెద్దామెకు అర్థం కాలేదు. మెహరున్నీసా వేలెత్తి చూపింది. అప్పుడు ఆమె కుర్చీలో వెనక్కి పడి నవ్విన నవ్వు రోడ్డు మీదికి వినిపించి ఉంటుంది. ఇక్కడ అది పలకరింపు అట. తెలిసినా తెలియకపోయినా, పల్లె రోడ్డు మీద ఎదురుపడితే స్టీరింగు మీద నుంచి వేలు ఎత్తాలట. మూడు రోజులుగా దేశం దేశమంతా మాకు నమస్కారం పెడుతుంటే మేము కాగితాలు వెతుక్కున్నాం. ఈ రోజు పొద్దున మెహరున్నీసా ఆ బాకీలన్నీ తీర్చేసింది. కనపడిన ప్రతివాడికీ వేలెత్తింది, మైలురాయికి కూడా.

పెద్దామె ఇంకో సంగతి చెప్పింది. ఈ ఊళ్లోనే ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారట. ఒక ఎద్దు గురించి తగువొచ్చి ఒకే ఇంట్లో ఉంటూ మాటలు మానేశారు. ఏదైనా చెప్పుకోవాలంటే కుక్కకు చెప్పేవారట. "కుక్కా, బంగాళదుంపల్లో ఉప్పు తక్కువైందని వాడితో చెప్పు" అని ఒకడు, "కుక్కా, ఇష్టముంటే తినమను" అని ఇంకొకడు. కానీ రోడ్డు మీద ట్రాక్టర్లు ఎదురైతే మాత్రం ఇద్దరూ వేలెత్తేవారు. మాటలు వేరు, వేలు వేరు అని ఆమె అన్నది. మెహరున్నీసా ఆ మాటకు నా వైపు చూసింది. నేను సముద్రం వైపు చూశాను.

మోహెర్ కొండచరియలు కూడా చూశాం. కింద సముద్రం ఎంత లోతులో ఉందంటే మెహరున్నీసా అంచు దాకా పాక్కుంటూ వచ్చి, చూసి, మళ్లీ పాక్కుంటూ పోయింది. నాకు ఆ కొండ మా ఫ్యాక్టరీ గోదాములో పేర్చిన బండల దొంతర లాగా కనిపించింది.

ఇక్కడి గోడల గురించి నీకు చెప్పాలి. చేలకు గేట్లు ఉండవు. సాయంత్రం ఒక రైతు గొర్రెల్ని దాటించాలని వచ్చాడు. గోడలోంచి రాళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. గొర్రెలు దాటాక, ఏ రాయి ఎక్కడిదో ఆ రాయి అక్కడే మళ్లీ పేర్చి, మాకు వేలెత్తి పోయాడు. గోడకు ఏమీ కాలేదు. ఎంత హాయి అనిపించింది. అవసరమైనప్పుడు తీసి పక్కన పెట్టుకుంటే తప్పేముంది? పట్టుదలలకు పోయి కొట్లాడుకునేకన్నా అది ఎంతో నయం.

రేపటి నుంచి కెర్రీ కొండల్లో తిరుగుతాం. అక్కడ ఫోను సరిగ్గా తగలదట. కంగారు పడొద్దు. నువ్వు పడవని తెలుసు, అయినా రాస్తున్నాను.

రత్నమ్మ


యాడికి
16 జూన్ 2025

రత్నమ్మా,

నీ మనసు మారినందుకు సంతోషం. ఐర్లండు పోయి రావడం వృథా కాలేదు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తీసి పక్కన పెట్టుకుంటే తప్పేముంది, పట్టుదలలకు పోవడంకన్నా నయం అన్నావు. సరే, నేను కూడా ఒక మెట్టు దిగుతాను. బండను కోయించను. క్రేనుతో మొత్తం ఎత్తించి పెరట్లో గోడవారగా పెట్టిస్తాను. నువ్వు వచ్చాక ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకో. క్రేను చౌడప్పతో మాట్లాడాను. బుధవారం పొద్దున పది గంటలకు వస్తాడు.

హర్షకు ఫోన్ చేసి చెప్తే, "అవసరమా అమ్మా" అన్నాడు. వాడికేం తెలుసు.

పైకప్పు సంగతి సుబ్బలక్ష్మమ్మకు చెప్పాను. నమ్మలేదు. పాపం రత్నమ్మ పరువు కోసం అబద్ధమాడుతున్నదని నన్నే ఓదార్చింది.

ఉమాదేవి


దింగిల్ దగ్గర
18 జూన్ 2025, బుధవారం

వదినా,

అరుగు ఉందా లేదా? ఒక్క అక్షరం రాసి పంపు, మిగతాది తర్వాత రాద్దువు.

రెండు రోజులు ఫోను తగల్లేదు. ఈ పొద్దున చేను చివర గోడ దగ్గర సిగ్నలు వస్తుందని ఇక్కడివాళ్లు చెప్తే, తబస్సుమ్‌కు క్షేమంగా ఉన్నామని చెప్పాలని చలిలో నడుచుకుంటూ పోయాను. పోగానే నీ ఉత్తరం వచ్చి పడింది. బుధవారం పది గంటలు. ఇక్కడ అప్పుడే పొద్దు పొడిచింది, అంటే అక్కడ పది కావస్తున్నది. నేను గోడ గురించి రాస్తే నువ్వు అరుగు అని చదువుకున్నావు. ఊరికే పేర్చిన రాళ్లు వేరు, సున్నంలో పాతుకుపోయిన బండ వేరు.

నల్లప్పకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెహరున్నీసా చేత చెప్పిద్దామంటే ఆమె ఫజర్ నమాజు చేసుకుని మళ్లీ పడుకుంది, ఇల్లేమో కేక వేసినా వినపడనంత దూరం. రాసి పంపే వ్యవధి లేదు, రాసినా క్రేను ముందర నిలబడి మెడ వంచి చదివే తీరిక నీకుండదు. చివరకు నీకే చేశాను. ఎత్తావు. ఎత్తి, ఊపిరి తీస్తూ ఊరుకున్నావు. వెనకాల క్రేను చప్పుడు వినపడింది.

నేను నీతో మాట్లాడలేదు వదినా, ఇది గుర్తు పెట్టుకో. గోడకు అవతల ఒక గొర్రె ఉంది. నల్ల మూతి, వీపు మీద నీలం రంగు మచ్చ. నేను చెప్పేది వింటూ, ఏమీ అనకుండా నములుతూ, అచ్చం నీలాగే నిలబడింది. దానికి చెప్పాను.

"ఏమే గొర్రే, ఆ బండ సున్నం మీద కూసోనుండాది. నడుముకాడ తెల్ల జీర ఉండాది, పైకి కనపడదు. గొలుసేసి ఎత్తితే ఆ జీరకాడ ఇరిగి రెండైతాది. ఇరిగిన బండను ఏ మిషనూ అతకలేదు. మాయన్న పోయినాడు. ఆయప్ప మా ఇద్దరికీ కలిపి ఇచ్చిపోయింది అదొగటే. అది ఇరిగితే నేను ఊరికొచ్చి యాడ కూసోవాల, ఎవురితో కూసోవాల?"

అన్న పోయిననాడు కూడా నేను అంతగా ఏడవలేదు. గొర్రె నమలడం ఆపి నన్నే చూసింది.

అవతల నుంచి నీ గొంతు వినపడింది. నాతో కాదని మాత్రం తెలిసింది. ఏమన్నావో తెలిసేలోపు సిగ్నలు పోయింది. అప్పటి నుంచి ఈ గోడ దగ్గరే కూర్చుని ఉన్నాను. మెహరున్నీసా టీ ఇక్కడికే తెచ్చింది.

ఒక్క అక్షరం రాయి.

రత్నమ్మ


యాడికి
18 జూన్ 2025

రత్నమ్మా,

అరుగు ఉంది.

ముందు అది చదువుకుని టీ తాగు. మిగతాది తర్వాత చదువు.

నీ ఫోను వచ్చేసరికి చౌడప్ప గొలుసు వేసేశాడు. బండ ఇంకా కదల్లేదు. గొర్రెతో నువ్వు అన్నదంతా విన్నాను. నీతో మాట్లాడకూడదు. చంద్రి అక్కడే కట్టేసి ఉంది, గొలుసు చప్పుడుకు బెదిరి నా చీర కొంగు నోట్లో పెట్టుకుని ఉంది. నేను దానికి చెప్పాను.

"ఏమే చంద్రీ, ఈ అరుగు మీద ఇంతకాలంగా ఒగదాన్నే కూసుంటాండా. మధ్యలో కూసునే మనిషి పోయినాడు. ఆ చివర కూసునే మనిషికేమో ఫ్యాక్టరీ. తీరిక లేదు అనుకుంటి. ఐర్లండుకు పోయేదానికైతే తీరిక ఉండాది. స్నేహితురాల్ని ఎంటబెట్టుకోని పోయింది. వదినా, నువ్వూ వస్తావా అని ఒగ మాట అడగలే. పోనని తెలిసి కూడా అడగొచ్చు కదా. ఖాళీగా ఉండే బండను దినామూ చూసేకన్నా తీసేసేది మేలనుకుంటి."

చౌడప్ప క్రేను ఆపి కిందికి దిగి, "ఏమక్కా, మేకతో ఏం పంచాయితీ" అన్నాడు. నేను కళ్లు తుడుచుకుని గొలుసు తీసేయమన్నాను. తీస్తూ ఆ బండ నడుము దగ్గర బురద తుడిచి చూశాడు. జీర ఉంది. "మంచి పని చేసినావు మేకా" అని చంద్రి వీపు తట్టి పోయాడు.

హర్ష కారు సంగతి కూడా రాసేస్తాను. వాడు ఎప్పుడూ దారి అడగలేదు. వీధి చివర వేపచెట్టు నీడ బాగుందని అక్కడే పెట్టుకుంటున్నాడు. కారును సాకుగా చెప్పింది నేను.

ఇక ఒట్టు. నువ్వు గొర్రెతో మాట్లాడావు, ఒప్పుకుంటాను. కానీ సిగ్నలు పోయే ముందు "వదినా" అని ఒక మాట అన్నావు. నాకు స్పష్టంగా వినపడింది. కదిరికి ఎప్పుడు పోదామో చెప్పు.

ఉమాదేవి


గాల్వే
20 జూన్ 2025

వదినా,

ఆ గొర్రెను వదినా అన్నాను. మూతి చూసి ఆ పేరు పెట్టాను. మెహరున్నీసా టీ పట్టుకుని వచ్చినప్పుడు కూడా దాన్ని ఆ పేరుతోనే పిలిచాను, ఆమె సాక్షి. గుండు ఎవరికీ లేదు.

నిన్ను ఎందుకు అడగలేదంటే, నువ్వు యాడికి నుంచి తాడిపత్రికి బస్సులో పోవాలంటే చేతిలో నిమ్మకాయ, ఒళ్లో కవరు, నోట్లో గోవిందనామం. కండక్టరు నిన్ను చూడగానే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లను లేపుతాడు. అలాంటిదానివి ఈ మలుపుల్లో, ఈ ఇరుకు రోడ్ల మీద మెహరున్నీసా పక్కన కూర్చుంటే ఏమైపోతావో అనుకున్నాను. అడిగితే నా కోసం సరేనని వచ్చేస్తావని కూడా భయపడ్డాను. అడిగి ఉండాల్సింది. పోనని తెలిసి కూడా అడగాల్సింది. నువ్వు లేకుండా చూసిన ప్రతిదానికీ నాకు చెప్పుకోవడానికి మనిషి లేకపోయింది. మెహరున్నీసా పక్కనే ఉందనుకో, కానీ ఆమె కూడా అదే చూస్తున్నది, ఇంక ఆమెకేం చెప్పను. సముద్రం చూస్తూ నీకు ఏమని రాయాలా అని ఆలోచించినదే ఎక్కువ.

తిరిగి వచ్చేటప్పుడు ఆ పెద్దామె దగ్గర మళ్లీ ఒక పూట ఆగాం. అరుగు కథ చెప్తే ఆమె, ఆ అన్నదమ్ముల కుక్క చచ్చిపోయాక ఏమైందో చెప్పింది. దాని ద్వారా ఇన్నాళ్లూ ఎంత మాట్లాడుకున్నారో అప్పుడు తెలిసి, ఇద్దరూ కలిసి పోయి ఇంకో కుక్కను తెచ్చుకున్నారట. ఒట్టు మాత్రం తప్పలేదు.

నీకు ఉన్ని శాలువా కొన్నాను. యాడికిలో కప్పుకుంటే ప్రాణం పోతుంది, దాచుకో. ఇక్కడ సముద్రం పక్కనే పోయే రైళ్లున్నాయట. రైల్లో నీకు కడుపులో తిప్పదు. వదినా, నువ్వు కూడా వస్తావా? అడుగుతున్నాను. రాస్తున్నాను అనుకోవద్దు, అడుగుతున్నాను.

ఫ్యాక్టరీ తాళాలు ఇకనుంచి నల్లప్ప వేస్తాడు. పొద్దు గూకకముందే ఇంటికి వస్తాను. సోమవారానికి ఊళ్లో ఉంటాను. చంద్రికి మునగాకు మానిపించకు.

రత్నమ్మ


యాడికి, అరుగుకు దక్షిణపు చివర
24 జూన్ 2025, సాయంత్రం

ఉత్తరపు చివర కూర్చున్న రత్నమ్మకు,

ఈ చీటీ చంద్రి మెడకు కట్టి పంపుతున్నాను. నీ దాకా వచ్చేలోపు అది తినేస్తే ఇంకోటి రాస్తాను.

నిన్న నువ్వు ఆటో దిగి నన్ను చూసి ఒక వేలు ఎత్తావు. నేను కూడా ఎత్తాను. అది చూసి మాబాషా తన లారీ పక్కకు తీసి ఆపి, కాగితాలు వెతుక్కున్నాడు. వాళ్ల ఇంటామె ఆయనకు ఇంకా ఏమీ చెప్పినట్టు లేదు.

ఉగాదికి ఇంకా చాలా నెలలున్నాయి. ఒట్టు ఒట్టే. నీతో ఒక్క మాట కూడా మాట్లాడను. నువ్వూ మాట్లాడొద్దు. రోజూ ఈ వేళకు నువ్వు ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో మేక. ఐర్లండు గురించి ఉత్తరాల్లో రాయకుండా దాచుకున్నవి ఏమైనా ఉంటే దానికి చెప్పు. కాస్త గట్టిగా చెప్పు, దానికి ఈ మధ్య సరిగ్గా వినపడటం లేదు.

రైలు సంగతి అడిగావు. వస్తాను.

ఇది చదవడం అయిపోతే ఒక వేలు ఎత్తు. లోపలికి పోయి కాఫీ పెట్టుకొస్తాను.

నీ వదిన,
ఉమాదేవి